ఊరు కట్టిన రోజు

మొన్న చిన్న మనుమరాలికి సూది వేయించడానికి నాందేడ్‌లో మా గల్లీ చివర ఉన్న సర్కారు దవాఖానాకు పోయాను. కోడలు చీటీ కోసం వరుసలో నిలబడితే, నేను పిల్లను ఒళ్ళో పెట్టుకొని బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద దోమ బొమ్మ. గొర్రెపిల్లంత ఉంది. దాని పక్కన వరి మడి, ఒక కొంగ, ఒక పంది, మంచం మీద కళ్ళు మూసుకున్న పిల్ల. కింద మరాఠీలో పెద్ద పెద్ద అక్షరాలు.

నేను అక్షరాలు నేర్చింది జుట్టు నెరిసిన తర్వాత. మరాఠీ మా గల్లీ ఆడవాళ్ళ పొదుపు గుంపులో నేర్చుకున్నాను. తెలుగు మా కోడలి దగ్గర, ఆమెది నిజామాబాదు. అందుకని ఎక్కడ రాత కనిపించినా వదలను. మందుల దుకాణం పేరైనా పూర్తిగా చదివాకే కదులుతాను. ఇదీ కూడబలుక్కొని చదివాను. మెందూజ్వర్. దోమ కుడితే మెదడుకు వచ్చే జ్వరం.

చదివి మళ్ళీ బొమ్మ చూశాను. అందులో ఉన్నవన్నీ మా ఊరివే. వరి మడి మాదే, కొంగ మాదే, పంది మా వాడ చివర తిరిగేదే. మంచం మీది పిల్ల మా చెల్లె. ఆ జ్వరాన్ని నేను చూశాను. అప్పుడు దానికి మా దగ్గర పేరు లేదు. తల్లి వచ్చింది అన్నాము, అంతే.

మా ఊరు బిలోలి తాలూకాలో, మంజీరకు దగ్గర. ఇప్పుడు సిమెంటు రోడ్డు ఇంటి ముందు దాకా పోతుంది. అప్పుడు వానకాలమంతా మోకాటి లోతు బురద. ఇళ్ళలో తెలుగు, చావడిలో మరాఠీ, సంతలో హిందీ. ఎడ్లను అదిలించడానికి మూడూ.

పొలాల అమావాస్య, మరాఠీవాళ్ళ పోలా, వచ్చిందంటే ఊరంతా శనగపప్పు, బెల్లం ఉడికే వాసన. ఎడ్లను వాగులో కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గవ్వల పట్టెడలు కట్టేవారు. మొదటి పోలె, అంటే బొబ్బట్టు, ఎడ్లకు పెట్టాకే మాకు. ఎడ్ల వంతు పోలెలో అంచు తుంచుకొని తినడం మా చెల్లె పని. పట్టుబడితే, "ఎద్దు ఇడిసిపెట్టింది, నేను తిన్న" అనేది. నాకంటే చాలా చిన్నది, కానీ నోరు నాకంటే పెద్దది. ఎవరిని చూసినా వాళ్ళలాగే చేసి చూపేది. ముఖ్యంగా పటేల్ దగ్గు. మా ఊరి పటేల్ పెద్దాయన. రెండు చిన్న దగ్గులు, ఒక పెద్ద దగ్గు దగ్గి కానీ మాట మొదలుపెట్టేవాడు కాదు. చెల్లె తలుపు చాటున నిలబడి ఆ దగ్గు దగ్గితే మా అమ్మ నిజంగా పటేలే వచ్చాడనుకొని కొంగు సర్దుకునేది.

"పటేల్ ఇంటే నీ నాలిక కోస్తడు పోరీ!" అనేది మా నాయినమ్మ, నవ్వు ఆపుకుంటూ.

నాయినమ్మ ఎవరికీ జడిసే మనిషి కాదు. ఊరి దేవతకు చీర కట్టే హక్కు ఆమెది. తన అత్తగారి అత్తగారి నుంచి వచ్చింది అనేది. చీర కట్టేటప్పుడు ఎంత భక్తో, తల్లి పూనిందని శిగమూగే ఆడవాళ్ళను చూస్తే అంత వెక్కిరింత. ఎవరైనా జుట్టు విరబోసుకొని ఊగుతుంటే, మా చెవిలో, "రెండు పోలెలు పెట్టుండ్రి, దిగిపోతది" అనేది.

సాయంత్రం గొడ్ల కొట్టంలో వేపాకు, పిడకలు కలిపి పొగ వేసేవారు. దోమలు కుడితే ఎడ్లు నిద్రపోవు, నిద్రపోకుంటే పొద్దున పని చేయవు అని. పొగ గొడ్లకే. మనుషులకు పొగ వేయాలని ఎవరికీ తోచలేదు. మేము పిల్లలం చాపలు తీసుకొని కొట్టం గుమ్మం దగ్గరికి జరిగేవాళ్ళం. కళ్ళు మండేవి, దగ్గు వచ్చేది, కానీ అక్కడ దోమలు తక్కువ. బాపు, మా నాన్న, వచ్చి, "ఎడ్లకు గాలి తగులనియ్యరా మీరు?" అని వెళ్ళగొట్టేవాడు. మళ్ళీ అరుగు మీదికి. అరుగు పక్కనే వరి మడి కాలువ. రాత్రంతా చప్పట్లు కొట్టినట్టు దోమలను కొట్టుకుంటూ పడుకునేవాళ్ళం.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మడుల్లో నీళ్ళు ఇంకలేదు. కొంగలు ఎన్నడూ లేనన్ని దిగాయి. అందరం సంతోషపడ్డాము, కొంగలు దిగితే పంట బాగుంటుందని.

పోలా పోయిన తర్వాత జ్వరం మొదలైంది. అది పెద్దవాళ్ళను ముట్టలేదు. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి తలనొప్పి అని పడుకునేది. మర్నాడు మెడ బిగుసుకునేది, కళ్ళు తేలేసేది, కాళ్ళూ చేతులూ కొట్టుకునేవి. తర్వాత పిలిస్తే పలికేది కాదు. మా వెనక వాడలో ఒక పిల్ల పోయింది. తర్వాత ఇంకొకటి. ఆ ఇళ్ళ గుమ్మాలకు వేపకొమ్మలు కట్టి, తాలింపు మానేసి, దవాఖానా మాట ఎత్తకుండా ఉన్నారు. తల్లి ఉన్న ఒంటికి సూది గుచ్చితే తల్లికే గుచ్చినట్టు కదా.

చావడిలో పెద్దలు కూర్చున్నారు.

"పోయినేడు గాడా తియ్యలె. కోపం రాదా మరి?"

"తీద్దామంటే పైసల్ లేవంటిరి మీరే."

"ఇప్పుడు లొల్లెందుకు? మంగళారం ఊరు కడుదం," అన్నాడు పటేల్, మూడు దగ్గులూ దగ్గి.

గాడా అంటే చిన్న కర్ర బండి. పిల్లలు ఆడుకునే బండి అంత. మరాఠీవాళ్ళు మరీఆయి గాడా అంటారు, మేము పోచమ్మ గాడా అనేవాళ్ళం. తల్లి ఒకతే. వడ్లాయన, అంటే వడ్రంగి, కొత్త కర్రతో చేస్తాడు. అందులో పసుపు ముద్దను తల్లిగా కూర్చోబెట్టి, చీర కట్టి, ఆకుపచ్చ గాజులు, నిమ్మకాయలు, పెరుగన్నం పెట్టి, డప్పులతో పొలిమేర దాకా లాగి పక్క ఊరి దిక్కు ముఖం పెట్టి వదిలేస్తారు. వదిలినవాళ్ళు వెనక్కి చూడకుండా రావాలి. పక్క ఊరివాళ్ళు దాన్ని వెనక్కి తిప్పడానికి లేదు. తిప్పితే తల్లి వాళ్ళింట్లోనే కూర్చుంటుంది. వాళ్ళొక రవికె గుడ్డ పెట్టి, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా తమ అవతలి పొలిమేర దాటించాలి. అలా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తల్లి పోతూ ఉంటుంది.

ఆ రోజు ఊరు కడతారు. పొద్దున్నే పొలిమేర వెంట పాలు, అంబలి చల్లి, దారులకు అడ్డంగా వేప తోరణాలు కడతారు. గాడా దాటేవరకు ఎవరూ ఊరు విడవద్దు, ఎవరూ లోపలికి రావద్దు. తల్లి కంటే ముందు మనిషి దాటితే, ఆ సందులో నుంచే తల్లి మళ్ళీ ఊర్లోకి వస్తుందట. పొయ్యి కూడా వెలిగించరు.

సరిగ్గా ఆ మంగళవారమే పొద్దున చెల్లె లేవలేదు.

ముందు రోజు జొన్న చేనులో దొంగతనంగా దోసకాయలు తెంపుకొని తిన్నాము. దాని వల్లే కడుపు చెడిందనుకున్నాను. ముట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టు ఉంది. "తల" అంది ఒకసారి. తర్వాత కళ్ళు పైకి పోయాయి, కుడి చెయ్యి తనంతట తానే కొట్టుకోవడం మొదలుపెట్టింది. అమ్మ అరిచింది. బాపు చెల్లెను బొంతలో చుట్టి భుజం మీద వేసుకొని ఉరికాడు. వెనక మేము.

తోరణం దగ్గర ఊరి మొగవాళ్ళు అడ్డం నిలబడ్డారు. పటేల్ కూడా అక్కడే ఉన్నాడు.

"పటేలా, పొల్ల కండ్లు తేలేసింది. బిలోలి తీస్కపోత. కాల్మొక్త, ఇడువు."

"ఇయ్యాల పురుగు సుత దాటొద్దురా. నీకు తెల్వదా?"

"చస్తదే పటేలా!"

పటేల్ దగ్గలేదు. మెల్లగా అన్నాడు. "నాకు కడుపుల పేగులు లేవా? నా మనుమడు సుత పొద్దటిసంది కాల్తుండు. ఒక్కరి కోసం ఇడిస్తే ఊర్లె పిల్లలందరి మీద పడ్తది. గాడా దాటనీ. దాటంగనే నా బండే కట్టిస్త."

"గాడా ఎప్పుడు దాటుతది?"

"వడ్లాయనకు చక్రం కుదురుతలేదు. తడి కర్ర. పొద్దుగూకుతది."

బాపు అక్కడే బురదలో కూలబడ్డాడు. పటేల్ చెడ్డవాడు కాదు. ఆ మనుమడంటే అతనికి ప్రాణం. కోడలు రెండో కాన్పుకు సర్ఖని దిక్కు పుట్టింటికి పోతే, ఆ పిల్లవాణ్ణి తనే చంకన వేసుకొని తిరిగేవాడు. అయినా మాట మాటే. ఊరు కట్టాక పటేల్ కూడా ఊరిలో ఒక మనిషే.

నాయినమ్మ వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. నేను వెంట పోయాను. ఉట్టి మీంచి నిన్నటి జొన్న రొట్టెలు దించింది. ఎర్రకారం, ఉల్లిగడ్డలు పెట్టి మూట కట్టింది. చెంబు నిండా నీళ్ళు ముంచింది. పాత చీర చింపి తడి గుడ్డలు చేసింది. అన్నీ నా చేతిలో పెట్టింది.

"మూట నువ్వు పట్టుకో. నేనేం జేసినా సరే, మూట ఇడువకు. అమ్మ కొంగు ఇడువకు."

"ఏం జేస్తవ్ నాయినమ్మా?"

"నోరు ముయ్యి."

ఆ తర్వాత ఆమె కొప్పు విప్పింది. పసుపు డబ్బా ముఖం మీద బోర్లించుకుంది. తోరణం దగ్గరికి తిరిగి వచ్చేసరికి, నడిచి వచ్చిందో, ఎగిరి వచ్చిందో, ఊగుతూ, పళ్ళు కొరుకుతూ ఉంటే నాకే భయమేసింది. మా నాయినమ్మ అలా ఎన్నడూ లేదు. డప్పులవాళ్ళు గాడా కోసం కూర్చున్నారు. శిగం కనపడితే వాళ్ళ చేతులు ఆగవు. డప్పు లేచింది. గాడా ముందు నడవాల్సిన పోతరాజు కొరడా ఝళిపించాడు. జనం దారి ఇచ్చారు.

"ఎవడ్రా నన్ను ఆపింది?"

పటేల్ చేతులు జోడించాడు. "ఎవలు తల్లీ నువ్వు?"

"నా ఊర్లె ఉండి నన్నే ఎవలని అడుగుతవా? నా గాడా ఏది?"

"అయితాంది తల్లీ, చక్రం..."

"మీ చక్రం ఎన్నడైతది, నేనెన్నడెక్కాలె? ఈ పొల్ల ఒంట్ల ఉన్న నేను! దీన్ని దాటియ్యి, పోత. లేకుంటే ఈన్నే కూసుంట. ఇంటికొక్కరిని పట్టుకొని కూసుంట!"

గుంపులో ఒక పడుచువాడు, "నిజంగ తల్లేనా? కర్పూరం పెట్టుండ్రి చూద్దాం" అన్నాడు. అది మా దగ్గరి ఆనవాయితీ. తల్లి వచ్చిన చెయ్యి కాలదు. కాలితే శిగం అబద్ధం. నాయినమ్మ వాడి దిక్కు చూసి కుడి అరచెయ్యి చాచింది. అరచేతిలో కర్పూరం బిళ్ళ పెట్టి అంటించారు. మంట లేచింది. ఆమె చెయ్యి కదల్లేదు. రెప్ప కొట్టలేదు. కర్పూరం చివరిదాకా కరిగి ఆరిపోయింది.

అందరూ నేల మీద పడి మొక్కారు.

పటేల్ మాత్రం మొక్కలేదు. నాయినమ్మ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గబగబా ఇంటికి పోయి, దుప్పట్లో చుట్టిన మనుమణ్ణి ఎత్తుకొని వచ్చాడు.

"తల్లీ, వీని ఒంట్ల సుత ఉన్నవా?"

ఆ ఒక్కసారి నాయినమ్మ ఊగడం ఆపింది. గొంతు మా ఇంటి గొంతు అయింది. "ఉన్న పటేలా, ఉన్న. జెల్ది తే."

పటేల్ బండి కట్టారు. కొమ్ములకు పోలా రంగు ఇంకా పోలేదు. బండిలో గడ్డి వేసి, అమ్మ ఒళ్ళో చెల్లె, నాయినమ్మ ఒళ్ళో పటేల్ మనుమడు, మూట పట్టుకొని నేను. నిమ్మకాయలు, గాజులు, పెరుగన్నం తెచ్చి మా చుట్టూ పెట్టారు. తోరణం తెంపారు. ముందు డప్పులు, వెనక ఊరంతా. పటేలే పగ్గాలు పట్టి తోలాడు. నేను తడి గుడ్డలు మార్చుతూ ఉన్నాను, ఒకటి చెల్లెకు, ఒకటి ఆ పిల్లవానికి. నీళ్ళు పెట్టగానే ఆవిరైపోతున్నట్టు ఉండేది.

వాగు మా పొలిమేర. అవతలి ఒడ్డున పక్క ఊరి మొగవాళ్ళు కట్టెలు పట్టుకొని నిలబడ్డారు. డప్పులు విని వచ్చారు. సాయంత్రం చిన్న గాడా వస్తుందనుకుంటే పట్టపగలే పెద్ద బండి వచ్చింది, అదీ మనుషులతో.

"హే కాయ్? గాడా కుఠం ఆహే?" అని అరిచాడు వాళ్ళ పెద్దమనిషి. ఇదేంటి, గాడా ఏదీ అని.

నాయినమ్మ బండిలోనే లేచి నిలబడింది. "హాచ్ గాడా! పరత్ లావణార్ కా?" ఇదే గాడా, వెనక్కి పంపుతావా అని.

వెనక్కి పంపే ధైర్యం ఎవరికుంది? వాళ్ళలో వాళ్ళు గొణుక్కున్నారు. ఒక ముసలమ్మ మాత్రం నీళ్ళలోకి దిగి వచ్చి, ఆకుపచ్చ రవికె గుడ్డ చెల్లె కాళ్ళ మీద వేసి, పసుపు రాసి, తన ఊరివాళ్ళ మీద అరిచింది. "బఘత్ కాయ్ బసలాత్? పుఢే న్యా! లవ్‌కర్!" చూస్తూ కూర్చున్నారేంటి, ముందుకు తీసుకుపొండి, తొందరగా అని.

తెచ్చిన ఊరి ఎడ్లు ఆ పొలిమేర దాటకూడదు. వాళ్ళు తమ ఎడ్లు తెచ్చి కట్టారు. తెచ్చిన ఊరి మొగవాళ్ళు అక్కడి నుంచి వెనక్కి తిరగాలి, తిరిగి చూడకుండా పోవాలి. బాపు తిరిగాడు. పటేల్ పగ్గాలు వదిలి, మనుమడి చెంప ఒకసారి ముట్టుకొని, తిరిగాడు. బండి కదిలాక నేను చూశాను. బాపు భుజాలు ఎగిసిపడుతున్నాయి. పటేల్ మాత్రం కర్రలా నిటారుగా నడిచాడు. తల తిప్పలేదు. ఆనవాయితీ తప్పితే తల్లి వెనక్కి వస్తుందని, ఆ తల్లి తన మనుమడి ఒంట్లో ఉందని, అతను నిజంగానే నమ్మాడు.

ఇక ఆ ఊరివాళ్ళ తొందర చెప్పతరం కాదు. తల్లి తమ ఊర్లో ఒక్క గడియ కూడా నిలవకూడదు. ఎడ్లను ఉరికించారు. బురదలో చక్రం దిగితే పది మంది భుజాలు పెట్టి లేపారు. ఎదురొచ్చిన గొడ్లను తరిమారు. వాళ్ళ వాడలో మమ్మల్ని చూసి తలుపులు మూసుకున్నారు, కిటికీల్లోంచి చేతులు జోడించారు. మామూలు రోజైతే ఒక్క బండి దొరకడానికి పూట పట్టేది. ఆ రోజు ఊరు ఊరంతా మా కోసం ఉరికింది, మమ్మల్ని వదిలించుకోవడానికి.

వాళ్ళ అవతలి పొలిమేర డాంబరు రోడ్డు. నిజామాబాదు నుంచి బిలోలి పోయే ఎర్ర బస్సు వస్తుంటే అందరూ అడ్డం నిలబడి ఆపారు. గాడాను ఎవరికో ఒకరికి అప్పగించాలి కదా, బస్సుకే అప్పగించారు. కండక్టరు దిగి చూశాడు. పసుపు ముఖం ముసలమ్మ, ఇద్దరు పిల్లలు, నిమ్మకాయలు, డప్పులు.

"బసా ఆయీ, బసా," అన్నాడు భయంగా. కూర్చో తల్లీ అని. వెంటనే, "పణ్ లింబూ బాహేర్!" నిమ్మకాయలు మాత్రం బయటే అని.

బస్సు కదిలాక నాయినమ్మ నా వైపు వంగింది. "చెంబు ఇటు తే." తాగుతుందనుకున్నాను. తన కుడి చెయ్యి చెంబులో ముంచింది. అప్పుడు చూశాను. అరచెయ్యంతా బొబ్బలు.

నేను నోరు తెరిచాను. ఆమె కళ్ళతోనే మూయించింది.

బిలోలి దవాఖానా డాక్టరు పిల్లల మెడ కింద చెయ్యి పెట్టి చూసి, ఇక్కడ కాదు, నాందేడ్ పోవాలి అని తన జీపే ఇచ్చాడు. దారిలో నాయినమ్మ పటేల్ మనుమడికి కొంగుతో విసురుతూనే ఉంది. ఒకచోట విసరడం ఆపింది. తర్వాత మళ్ళీ విసరసాగింది, ఇంకా మెల్లగా. పిల్లవాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. నాకు అర్థం కాలేదు. నాందేడ్ పెద్ద దవాఖానా మెట్ల దగ్గర నర్సులు వచ్చి అడిగితేనే ఇచ్చింది.

చెల్లెను లోపలికి తీసుకుపోయారు. ముక్కులో గొట్టం, చేతిలో సూది. ఒక నర్సమ్మ అమ్మతో చెప్పింది: ఈ జ్వరాన్ని చంపే మందు లేదు, కానీ మూర్ఛ ఆపి, ఒళ్ళు చల్లబరిచి, ఊపిరి ఆగకుండా చూస్తే కొందరు పిల్లలు బయటపడతారు, తొందరగా తెచ్చారు, చూద్దాం. ఆ 'చూద్దాం' మీద అమ్మ ఎన్ని రోజులు బతికిందో.

వరండాలో నాయినమ్మ మూట విప్పించింది. రొట్టె విరిచి నాకిచ్చింది. ఎర్రకారం అద్దుకొని తింటుంటే అప్పుడు తట్టింది. తల్లి పూనిన మనిషి ముందుగా రొట్టెలు కట్టుకోదు కదా.

"నాయినమ్మా, నువ్వు..."

"తిను," అంది.

మర్నాడు బాపు, పటేల్ వచ్చారు. నాయినమ్మ లేచి పటేల్‌కు ఎదురు పోయింది. ఏ ఏడుపూ లేకుండా చెప్పింది. "నా ఒళ్ళెనే ఉండె పటేలా. కింద పెట్టలే."

పటేల్ తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

చెల్లె బతికింది. కళ్ళు తెరిచింది కానీ మమ్మల్ని గుర్తుపట్టడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది. కుడి చెయ్యి ముడుచుకుపోయింది, కుడి కాలు ఈడుస్తూ నడిచేది. మాట పూర్తిగా పోయింది. ఇంటికి తెచ్చాక దాన్ని నేను చూసుకున్నాను. అప్పుడే బడికి పోవడం మొదలుపెట్టాను, మానేశాను. ఎవరూ మానమనలేదు. అమ్మ పొలానికి పోవాలి, నాయినమ్మ చెయ్యి ఇంకా మానలేదు, మరి పిల్లను ఎవరు చూడాలి? పలకా బలపం కంటే పని ముందుంది, చేశాను. అందులో నాకు కొరత ఏమీ లేదు. ఎడమ చేత్తో తినడం నేర్పాను. నీళ్ళు, రొట్టె, అమ్మ, ఆవు అని రోజంతా చెప్పేదాన్ని. అది చూసేది, అంతే.

ఒక పొద్దున పటేల్ మా వాడలో పోతూ దగ్గాడు. రెండు చిన్నవి, ఒక పెద్దది. ఇంట్లోంచి చెల్లె దగ్గింది. రెండు చిన్నవి, ఒక పెద్దది.

మా పైప్రాణాలు పైనే పోయాయి. మనుమణ్ణి పోగొట్టుకున్న మనిషి. అమ్మ పరుగున గుమ్మంలోకి వచ్చింది. పటేల్ నిలబడిపోయాడు. కాసేపటికి మళ్ళీ దగ్గాడు, ఈసారి కావాలని. చెల్లె మళ్ళీ జవాబిచ్చింది. అతను తన దారిన పోయాడు. ఆనాటి నుంచి దారి చుట్టయినా మా ఇంటి ముందు నుంచే పోయేవాడు, దగ్గుతూ. ఆ దగ్గు వెంట మాట వచ్చింది. ముందు తిట్లు వచ్చాయి, తర్వాత పేర్లు.

మరుసటి ఏడు మళ్ళీ ఊరు కట్టాలన్నారు. చీర కట్టడానికి నాయినమ్మను పిలవడానికి పటేలే వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. నేను మజ్జిగ ఇచ్చాను.

"ఒక్కటి అడుగుత," అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్పకు. ఆ రోజు తల్లి నిజంగ అచ్చిందా?"

నాయినమ్మ తన అరచెయ్యి దాచలేదు. మచ్చ తెల్లగా మెరుస్తోంది. కాలిన చెయ్యి అంటే అర్థం ఏమిటో పటేల్‌కు తెలుసు.

"అచ్చింది పటేలా," అంది. "మనమే ఆలిశ్యం జేసినం."

అతను మజ్జిగ పూర్తిగా తాగి, గ్లాసు బోర్లించి, లేచి పోయాడు.

గోడ మీది బొమ్మ చూశాక నాకు తెలిసింది, ఆ జ్వరం మేము సాగనంపిన దిక్కు ఎన్నడూ పోలేదు. మా మడి నీళ్ళలో, మా అరుగు పక్కన కాలువలో ఉంది. గొడ్లకు వేసిన పొగ పిల్లలకూ వేసి ఉంటే ఎంతో కొంత ఆగేదేమో. ఇప్పుడు మనుమరాలు దోమతెరలో పడుకుంటుంది. మంచం అంచులకు తెరను దోపే పని నాది, కోడలికి కూడా ఇవ్వను. అయినా ఆ ఊరిని నేను తెలివితక్కువ ఊరు అనను. తెలిసినంతలో పిల్లలను కాపాడాలనే కట్టారు. తప్పు తెలిశాక కట్టు మార్చుకున్నారు కూడా. ఎలా మార్చారో నేను చూశాను.

ఆ మరుసటి ఏడు ఊరు కట్టిన రోజు, పాలు చల్లారు, తోరణాలు కట్టారు. అన్ని దారులకూ కట్టారు, బిలోలి దారికి తప్ప. ఆ దారిలో పటేల్ తన బండి నిలిపాడు. ఎడ్లకు కాడి వేసి, గడ్డి పరిచి, కడవతో నీళ్ళు పెట్టుకొని, తనే ముందు, తోలేవాడి చోట కూర్చున్నాడు.

"ఇదేంది పటేలా, తల్లి కంటె ముందు మనిషి దాటొచ్చా?" అని ఎవరో అడిగారు.

"పెద్దోళ్ళు దాటొద్దు," అన్నాడు. "జరమొచ్చిన పిల్ల దాటొచ్చు. తల్లికి నేను జవాబు చెప్పుకుంట."

పొద్దుగూకేదాకా ఎవరికీ జ్వరం రాలేదు. ఎడ్లు కాడి కిందే నిలబడ్డాయి. డప్పుల చప్పుడుకు చెల్లె ఇంట్లోంచి బయటికి వచ్చింది, నా చెయ్యి విడిపించుకొని, కాలీడ్చుకుంటూ బండి దగ్గరికి పోయింది. ఎడమ చేత్తో పట్టుకొని ఎక్కడానికి చూసింది. నేను దాన్ని దించబోయాను. పటేల్ వద్దన్నాడు. వంగి రెండు చేతులతో లేపి, గడ్డి మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గాడా ఊరు దాటిన తర్వాత కూడా ఇద్దరూ చాలాసేపు అలాగే, రోడ్డు దిక్కు చూస్తూ కూర్చున్నారు.